సావిట్లో పాత ఫియట్

పాత కారును మళ్లీ రోడ్డెక్కించాలని ఉత్సాహపడేవాళ్లలో చాలామంది మొదటిరోజే ఒక పొరపాటు చేస్తారు. స్పానర్ అందుకుంటారు. ఆదివారం పొద్దున బానెట్ ఎత్తితే, మధ్యాహ్నానికల్లా కార్బొరేటరు, డైనమో, రేడియేటరు గోనెపట్టా మీద ఉంటాయి. సాయంత్రానికి నట్లు, బోల్టులు, క్లిప్పులు అన్నీ ఒకే పాలడబ్బాలో పడతాయి. ఆ డబ్బా ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. చివరికి ఒకరోజు పాత ఇనుము కొనేవాడు వచ్చి కారును, డబ్బాను కలిపి తూకం వేసుకుపోతాడు. సగంలో ఆగిపోయిన కార్ల యజమానులను అడిగితే డబ్బు చాలలేదంటారు. అది నిజమే కావచ్చు. అయితే అంతకంటే ముందు, ఏ ముక్క ఎక్కడిదో మరిచిపోయిన రోజునే ఆ పని సగం ఆగిపోయి ఉంటుంది.

ఒక కారును ఊహించుకుందాం. తెనాలి దగ్గర ఒక పల్లె. తాతగారు 1974లో కొన్న ఫియట్ గొడ్ల సావిట్లో ఒక మూల నిలబడి ఉంది. టార్పాలిన్ చిరిగింది. టైర్లలో గాలి పోయి చక్రాలు మట్టిలో కూరుకుపోయాయి. వెనక సీటులో కొబ్బరిపీచు లాగేసి ఎలుకలు గూడు కట్టుకున్నాయి. హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న మనవడు సంక్రాంతికి వచ్చి, దాని తలుపు తీశాడు. ఆ వాసనకు అతనికి తాతయ్య గుర్తొచ్చాడు. ఇలాంటి పనులన్నీ సాధారణంగా ఇలాగే మొదలవుతాయి. లాభనష్టాలు లెక్కేసుకుని ఈ పనికి దిగినవాళ్లు బహు తక్కువ.

ఆ మనవడి చేతికొచ్చిన కారు ఎలాంటిదో ముందు చూద్దాం. ఇటలీలో 1953లో వచ్చిన ఫియట్ 1100 కారును ముంబైలోని కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ తయారుచేసేది. ఆ కంపెనీని 1944లో వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించారు. 1964లో డిలైట్ అనే మోడల్ వచ్చింది. 1974 నుంచి కారు పేరు ప్రీమియర్ పద్మిని. చిత్తోడ్ రాణి పద్మిని పేరు అది. పేరు మారినా జనం నోట అది ఫియట్ కారే. ఇంజను 1089 సీసీ, నాలుగు సిలిండర్లు, స్టీరింగు పక్కనే గేరు రాడ్డు. కలకత్తా దగ్గర ఉత్తర్‌పాడాలో హిందుస్తాన్ మోటార్స్ చేసిన అంబాసిడర్‌కూ ఇలాంటి కథే ఉంది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి పుట్టి, 1950ల చివర మొదలై, 2014 మే నెలలో దాని తయారీ ఆగింది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చేదాకా మన రోడ్ల మీద కారంటే ప్రధానంగా ఈ రెండే. బుక్ చేసుకుని ఏళ్ల తరబడి ఎదురుచూసిన రోజులవి. ఆ ఎదురుచూపు తెలిసిన తరం ఆ కారును అమ్మడానికి ఒప్పుకోకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఢిల్లీలో లాల్ బహదూర్ శాస్త్రి స్మారక భవనంలో 1964 నాటి ఫియట్ ఒకటి ఉంది. శాస్త్రిగారు ప్రధానమంత్రిగా ఉన్నప్పుడే ఆయన కుటుంబం దాన్ని 12,000 రూపాయలకు కొన్నది. చేతిలో ఉన్నది 7,000. మిగతా 5,000 పంజాబ్ నేషనల్ బ్యాంకులో అప్పు తీసుకున్నారు. 1966లో ఆయన కన్నుమూశాక ఆ అప్పును భార్య లలితాశాస్త్రి తన పింఛనులోంచి తీర్చారు. ఆ కారుకు కొత్త రంగు కొట్టి, మెత్తటి సీట్లు వేసి, నేటి కారులా తయారుచేస్తే చూసేవాళ్లకు ఈ కథలో ఏం మిగులుతుంది? పాత కారును బాగుచేయడంలో మొదట తేల్చుకోవలసిన ప్రశ్న ఇదే. ఏది మార్చాలి, ఏది అలాగే ఉంచాలి? పాత వాహనాల సంఘాల అంతర్జాతీయ సమాఖ్య 'ఫీవా' తయారుచేసిన టురిన్ ప్రకటన కూడా దీని గురించే మాట్లాడుతుంది. వాహనాన్ని ఉన్నదున్నట్టు కాపాడటం మొదటిది, పునరుద్ధరణ ఆ తర్వాతది అంటుంది. తాతగారి చెయ్యి తగిలి నునుపెక్కిన స్టీరింగు పట్టీని కొత్తదానితో మార్చేస్తే, తిరిగి తెచ్చుకోవడం ఎవరి తరమూ కాదు.

అందుకే మొదటి వారం మన మనవడు స్పానర్ జోలికి పోకుండా నోటుబుక్కు, ఫోను కెమెరా పట్టుకోవాలి. బానెట్ కింద ఉన్న ప్రతి గొట్టాన్ని, ప్రతి వైరును నాలుగు వైపుల నుంచి ఫొటో తియ్యాలి. వైర్ల రంగులు రాసుకోవాలి. తలుపు బీడింగు ఏ అంచున ఎలా మడిచి ఉందో బొమ్మ గీసుకోవాలి. విప్పిన ప్రతి భాగానికి వేరే సంచి, సంచి మీద చీటీ, చీటీ మీద తేదీ ఉండాలి. ఇది గుమాస్తా పనిలా అనిపిస్తుంది. కానీ ఏడాది తర్వాత మీటర్ బోర్డు బిగించే రోజున ఆ చీటీలే దారి చూపిస్తాయి.

ఆ తర్వాత తుప్పు. అసలు యుద్ధం అంతా ఇక్కడే.

పాత జీపుకైతే కింద దిట్టమైన ఛాసిస్ వేరే ఉంటుంది, పైన బాడీ వేరే. ఫియట్‌కు, అంబాసిడర్‌కు అలా లేదు. బాడీ రేకే వాటికి ఎముకల గూడు. నేల రేకు, తలుపుల కింద పొడవునా పెట్టెలా ఉండే భాగం, చక్రాల పైన ఒంపు రేకులు కలిసి కారు బరువంతా మోస్తాయి. కాబట్టి వీటిలో నేల తుప్పుపట్టిందంటే అందం చెడటమొక్కటే కాదు, కారు నడుము విరుగుతున్నట్టు. తుప్పు తాను తినే ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రెండు రేకులు కలిసే అతుకులోకి అది దూరితే లోపలినుంచి ఉబ్బి రేకును విడదీస్తుంది. మచిలీపట్నం, కాకినాడ, విశాఖ లాంటి సముద్రతీర ఊళ్లలో గాలిలోని ఉప్పు ఈ పనిని ఇంకా వేగంగా చేయిస్తుంది. లోపలి ఊళ్లలో చెత్త ఆ పని చేస్తుంది. ముందు అద్దం కింద గాడిలో వేపాకులు, చింతాకులు పేరుకుని, నీళ్లు పోవడానికి పెట్టిన చిన్న రంధ్రాలు మూసుకుపోతే ప్రతి వానకూ నీళ్లు లోపలే నిలుస్తాయి.

తుప్పు ఎంత ఉందో కంటితో తెలియదు. స్క్రూడ్రైవరు మొనతో రేకును నొక్కుతూ పోవాలి. కరకరమని లోపలికి దిగిన చోటల్లా రేకు చచ్చినట్టే. రంగు బాగున్న చోట గుడ్డలో చుట్టిన అయస్కాంతం పెట్టి చూడాలి. అది అంటుకోకుండా జారిపోతే ఆ రంగు కింద ఉన్నది రేకు కాదు, ఎప్పుడో ఎవరో దట్టంగా పట్టించిన లప్పం. లప్పం తుప్పును ఆపదు, దాన్ని కళ్లకు కనపడకుండా చేస్తుంది. టింకరింగు పనిలో చెయ్యి తిరిగిన మేస్త్రి ఎవరైనా చచ్చిన రేకును మంచి రేకు తగిలేదాకా కోసేస్తారు. 18, 20 గేజీల కొత్త రేకును సుత్తితో ఒంపు తిప్పి అతుకుతారు. వెల్డింగు ఒకేచోట వరసగా లాగితే వేడికి రేకు వంకర పోతుంది. అందుకే ఇక్కడో చుక్క, అక్కడో చుక్క పెడుతూ చల్లారనిస్తూ పోతారు. తలుపుల కింది పెట్టెరేకును కోసేముందు మరో జాగ్రత్త కావాలి. తలుపు చట్రంలో అడ్డంగా ఇనుప కమ్మీ బిగించి అప్పుడు కొయ్యాలి. ఈ ఒక్క కమ్మీ వెయ్యకుండా కోసిన కార్లలో బాడీ కిందికి కుంగిపోయి, కొత్త రేకు వేశాక తలుపులే పట్టకపోవడం జరుగుతుంది. అప్పుడు తప్పు ఎక్కడుందో వెతకడానికే నెలలు పడుతుంది.

రంగు గీకే దగ్గర ఒక హెచ్చరిక. ఆ కాలపు రంగుల్లో సీసం ఉండేది. పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీళ్లు పోస్తూ రుద్దాలి, ముక్కుకు మంచి మాస్కు కట్టుకోవాలి. పిల్లలు ఆడుకునే చోట ఈ పని పెట్టుకోకూడదు. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. డ్రమ్ములోని దుమ్మును నోటితో గాని, గాలి పైపుతో గాని ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి. షెడ్లలో ఏళ్లుగా ఈ దుమ్ములోనే పనిచేస్తున్న కుర్రవాళ్లకు ఈ మాట చెప్పేవాళ్లు కావాలి.

ఇంజను సంగతికి వద్దాం. ఇరవై ఏళ్లు కదలని ఇంజను పట్టేసి ఉండొచ్చు. పిస్టన్ రింగులు సిలిండరు గోడలకు తుప్పుతో అతుక్కుని ఉండొచ్చు. అలాంటప్పుడు కొత్త బ్యాటరీ తెచ్చి సెల్ఫ్ కొట్టడాన్ని మించిన కీడు లేదు. ఒక్క దెబ్బతో రింగులు విరిగి బోరు గీసుకుపోతుంది. నాలుగు ప్లగ్గులూ తీసి, ఆ రంధ్రాల్లో డీజిలు, ఇంజనాయిలు కలిపి కాస్త కాస్త పోసి రోజుల తరబడి నాననివ్వాలి. తర్వాత ముందు పుల్లీ నట్టుకు స్పానర్ వేసి చేత్తో మెల్లగా అటూ ఇటూ ఆడించాలి. వెంట్రుకవాసి కదిలినా ఆ రోజుకు చాలు. ఓపిక పట్టినవాళ్లకు చాలా ఇంజన్లు విడుదలవుతాయి. విడుదల కాకపోతే విప్పి లేత్ షాపుకు పంపాలి. అక్కడ బోరు కొలిచి, 20 ఓవర్ సైజా, 40 ఓవర్ సైజా చెబుతారు. ఆ అంకెలు అంగుళంలో వెయ్యో వంతులు. బోరు మరీ అరిగిపోతే స్లీవు వేసి మళ్లీ మొదటి సైజుకు తెస్తారు. నేటి ఎలక్ట్రానిక్ పెట్టెలు లేని ఇంజను కాబట్టి, దీనిలో చేత్తో బాగుచేయలేని భాగం దాదాపు లేదు. ఈ కార్ల మీద ఇంత ప్రేమ నిలవడానికి పెద్ద కారణం ఇదేనని చెప్పాలి.

అయితే ఇంజను పాతదైనా పెట్రోలు పాతది కాదు. దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు 2000 ఫిబ్రవరి 1తో ఆగిపోయింది. ఆ సీసం పాత ఇంజన్లలో వాల్వు సీట్లు అరగకుండా కాపాడేది. ఫియట్ హెడ్డు అల్యూమినియం కాబట్టి దానిలో గట్టి సీట్లు విడిగా పొదిగి ఉంటాయి. పాత అంబాసిడర్ హెడ్డు పోత ఇనుముది, సీట్లు ఆ ఇనుములోనే కోసి ఉంటాయి. హెడ్డు విప్పినప్పుడే గట్టి సీట్లు వేయిస్తే మళ్లీ మళ్లీ విప్పే పని తప్పుతుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరును మెత్తబరుస్తుంది. కాబట్టి ట్యాంకు నుంచి కార్బొరేటరు దాకా పాత రబ్బరు గొట్టాలు, పెట్రోలు పంపులోని డయాఫ్రం అన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకానికి మార్చాలి. గొట్టం మీద చిన్న పగులు చాలు, వేడి ఇంజను మీద పెట్రోలు చుక్కలు పడటానికి.

కదిలే కారు కంటే ఆగే కారు ముఖ్యం. ఇంజను ముందు చేయించి బ్రేకులు తర్వాత చూద్దామనుకోవడం చాలామందికి సహజం. ఇంజను చప్పుడు వినాలన్న ఆత్రం అలాంటిది. కానీ ఆ కాలపు చాలా కార్లలో నాలుగు చక్రాల బ్రేకులకూ ఆయిలు ఒకే దారిలో వెళుతుంది. ఎక్కడో ఒక్క గొట్టం పగిలితే నాలుగూ పోతాయి. మాస్టర్ సిలిండరు, చక్రాల సిలిండర్లలోని రబ్బరు కప్పులు, మూడు రబ్బరు గొట్టాలు, బ్రేకాయిలు మొత్తం కొత్తవే వెయ్యాలి. టైర్లు పైకి బాగున్నా నమ్మకూడదు. పక్కన ముద్రించిన నాలుగంకెలు చూడాలి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. ఆ నాలుగంకెల ముద్రే లేని పాత టైరుతో రోడ్డెక్కడమనే మాటే వద్దు.

సామాన్లు ఎక్కడ దొరుకుతాయన్నది అందరూ అడిగే ప్రశ్న. సికింద్రాబాద్ రాణిగంజ్, విజయవాడ ఆటోనగర్ మనకు దగ్గరివి. చెన్నైలో పుదుపేట, ముంబైలో చోర్ బజార్, కోల్‌కతాలో మల్లిక్ బజార్, ఢిల్లీలో కశ్మీరీ గేట్ ఈ పనికి పేరుపడ్డవే. ఇంజను సామాన్లు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. దొరకనివి చిన్నవి. తలుపు పిడి, దీపం చుట్టూ ఉండే మెరుగు రింగు, మీటర్ అద్దం, పాత నమూనా బీడింగు, ఇలాంటివి. వాటికోసం ముక్క విప్పి చేతిలో పట్టుకునే వెళ్లాలి. ఫోనులో వర్ణిస్తే వచ్చేది పక్క మోడల్‌ది.

ఈ బజార్లన్నిటిలోనూ దొరకని సామాను ఒకటుంది. డెల్కో, అంటే డిస్ట్రిబ్యూటరు, మూత తీసి ప్లాటినం పాయింట్ల మధ్య సందును చూపుతోనే అంచనా వేసే మేస్త్రి. చోక్ ఎంత లాగాలో, సోలెక్స్ కార్బొరేటరు స్క్రూను ఎంత తిప్పితే ఇంజను కుదురుగా నిలుస్తుందో అతని చెవికి తెలుసు. అలాంటివారికి ఇప్పుడు డెబ్బై ఏళ్లు దాటాయి. వారి షెడ్లలో కుర్రవాళ్లు ల్యాప్‌టాప్ తగిలించి తప్పు చదవడం నేర్చుకున్నారు, అది నేటి కార్లకు అవసరం కూడా. కానీ పాత విద్య చేతి నుంచి చేతికి అందకపోతే ఇక ఏ మ్యూజియంలోనూ దాన్ని దాచలేం. మన మనవడు అలాంటి మేస్త్రిని వెతుక్కుని, ఆయన పక్కన కూర్చుని, ఆయన చేస్తున్నది వీడియో తీసుకోగలిగితే కారు ఒకటే కాదు, ఆ పనితనమూ బతుకుతుంది. మేస్త్రి గారూ అని పిలిచి టీ తెప్పించి అడిగితే కాదనేవాళ్లు అరుదు.

కాగితాల సంగతి ఆఖరున చూద్దామనుకుంటే మాత్రం మొత్తం శ్రమ వృథా కావచ్చు. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు, ఆ తర్వాత 5 ఏళ్లకొకసారి ఫిట్‌నెస్ పరీక్షతో పొడిగింపు. తాతగారు పోయారు కాబట్టి వారసుడి పేరుకు మార్చుకోవడానికి ఫారం 31, పొడిగింపుకు ఫారం 25 కావాలి. రుసుములు కూడా పెరిగాయి. కారు పునర్నమోదుకు 600 రూపాయలున్నది 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025లో 10,000 చేశారు. ఛాసిస్ మీద, ఇంజను మీద ఉన్న నంబర్లు ఆర్సీ బుక్కుతో సరిపోవాలి. ఒకప్పుడు పెట్రోలు ఖర్చు భరించలేక అంబాసిడర్లకు, ఫియట్లకు డీజిలు ఇంజన్లు మార్పించినవాళ్లు ఎందరో. ఆ మార్పు పుస్తకంలో ఎక్కించి ఉండకపోతే ఇప్పుడు చిక్కే. అందుకే రేకు ముట్టుకోకముందే రవాణా కార్యాలయంలో వివరం కనుక్కోవాలి.

50 ఏళ్లు దాటిన వాహనాలకు కేంద్రం 2021 జూలైలో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న కార్లు, స్కూటర్లను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకోవచ్చు. నంబరు పలకలో రాష్ట్రం అక్షరాల తర్వాత 'వీఏ' అని వస్తుంది. రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. అలా నమోదైన బండిని రోజూ ఆఫీసుకు నడపకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతుకు తీసుకెళ్లొచ్చు. ఇప్పటికే నంబరున్న బండ్లు పాత నంబరును ఉంచుకోవచ్చు. ఆ పాత మూడక్షరాల నంబరు అంటే ప్రాణం పెట్టేవాళ్లకు ఇది పెద్ద ఊరట. నిబంధనల్లోని 'అసలు రూపం' అన్న మాటను మనవడు బాగా గుర్తుపెట్టుకోవాలి. ఏసీ, కొత్త ఇంజను, వెడల్పు చక్రాలు వేయించాక వెనక్కి రావడం కష్టం.

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లినవాళ్లు అక్కడ పసుపుపచ్చని రోల్స్ రాయిస్ చూసే ఉంటారు. 1912 నాటి సిల్వర్ గోస్ట్ అది. వెనకభాగంలో నిజాంకు సింహాసనంలాంటి ఆసనం. దాని ముందు జనం ఆగి ఫొటోలు దిగుతారు. రాజులకు అలాంటి భవనాలున్నాయి, వారి కార్లను కాపాడేవాళ్లున్నారు. డాక్టరుగారి అంబాసిడర్‌కు, కాంట్రాక్టరుగారి ఫియట్‌కు, పెళ్లిళ్లకు అద్దెకు తిరిగిన టాక్సీకి ఆ భాగ్యం లేదు. ముంబైలో ఆఖరి పద్మిని టాక్సీ 2003 అక్టోబరు 29న నమోదైంది. టాక్సీలకు 20 ఏళ్ల గడువు కాబట్టి 2023 అక్టోబరు 30 నుంచి ఆ నల్ల పసుపు ఫియట్లు ఆ నగరం రోడ్ల మీద టాక్సీలుగా లేవు. ఆ వేల కార్లలో ఎక్కువ భాగం తుక్కు కిందికి పోయాయి. మామూలు జనం ఎక్కిన కార్లు మ్యూజియంలో కంటే మామూలు ఇళ్లలోనే మిగలాలి.

ఇది వింటున్నవారిలో ఎవరి సావిట్లోనైనా, పెరట్లోనైనా అలాంటి కారు నిలబడి ఉంటే ఈ వారంలో రెండు పనులు చెయ్యండి. బీరువాలో దాని ఆర్సీ బుక్కు వెతికి పెట్టండి. ఆ కారును నడిపిన డ్రైవరుగాని, బాగుచేసిన మేస్త్రిగాని ఊళ్లో ఇంకా ఉంటే, ఒక నోటుబుక్కు తీసుకుని ఈ ఆదివారమే వెళ్లి కలవండి. స్పానర్ తర్వాత కొనుక్కోవచ్చు.